మా డిగ్రీ కళాశాల రచనా తరగతి: ఒక సెమిస్టరు తర్వాత

గుంటూరులో నేను చదువుతున్న డిగ్రీ కళాశాలలో తెలుగు శాఖ నడిపే రచనా తరగతికి ఒక సెమిస్టరు పాటు హాజరయ్యాను. చేరాలా వద్దా అని జూనియర్లు అడుగుతున్నారు కనుక నా అభిప్రాయం రాస్తున్నాను. వారానికి రెండు పీరియడ్లు ఉంటాయి. విడిగా ఫీజు లేదు, జెరాక్సుల ఖర్చు మాత్రం మనదే.

తరగతిలో 32 మందిమి, నలుగురేసి ఒక జట్టు. ఒకరు తమ రచనను పైకి చదివితే, మిగిలినవారు మెచ్చుకోవడానికైనా తప్పుపట్టడానికైనా ముందు, తమకు అందులో ఏం కనిపించిందో చెప్పాలి. అంతవరకు రాసినవారు నోరు మెదపకూడదు. మొదట్లో ఇది నాకు అనవసరమైన తంతుగా తోచింది. మూడో వారంలో మా జట్టులోని అమ్మాయి, మిరప కల్లంలో తాలు ఏరే తన తల్లి గురించి రాసిన రెండు పేజీలు చదివింది. తెనాలి వైపు నుంచి వచ్చే మిత్రుడు తనకు వడ్లరాశి, తూర్పారబట్టే చేట కనిపించాయన్నాడు. వరి పండే ఊళ్లో తాలంటే గింజ పట్టని వడ్లే కదా. ఆ అమ్మాయి మనసులో ఉన్నవేమో రంగు పోయి తెల్లబడిన మిరపకాయలు. మాట మార్చమని ఎవరూ అనలేదు. మరుసటి వారం ఆమె 'తాలు'ను అలాగే ఉంచి, దాని పక్కన ఆ తెల్లకాయను, రాత్రి అన్నం కలిపేటప్పుడు కూడా చల్లారని తల్లి చేతుల మంటను చేర్చి తెచ్చింది. అధ్యాపకులు ఎర్రసిరాతో ఎంత దిద్దినా ఆ రచనకు ఇంత మేలు జరిగేది కాదని నా గట్టి నమ్మకం.

మా అధ్యాపకురాలు ఒకరోజు కొట్టివేతలతో నిండిన తన చిత్తుప్రతినే తెచ్చి చదివారు. వెనుక బెంచీల వారు కాగితాలు బయటికి తీసింది ఆ తర్వాతే. పల్నాటి విద్యార్థి సంభాషణలో రాసిన 'యాడికి'ని ఎవరో 'ఎక్కడికి' అని దిద్దినప్పుడు, ఆమె ఆ పీరియడంతా దానికే కేటాయించారు. వాడుక భాష కోసం గిడుగు రామమూర్తి చేసిన పోరాటం గురించి ఏటా ఆగస్టు 29న వింటూనే ఉన్నా, అది మా కాగితాలకు సంబంధించిన సంగతని నాకు ఆనాడే అర్థమైంది.

లోపాలూ ఉన్నాయి. సెమిస్టరు మధ్యలో, తోటివారి రచనపై అభిప్రాయం రాసినందుకు 5 మార్కులు పెట్టారు. ఆ వారం నుంచే 'చాలా బాగుంది, హృదయాన్ని తాకింది' అనే వాక్యాలు వెల్లువెత్తాయి, ఏం కనిపించిందో చెప్పేవారు తగ్గిపోయారు. జట్లను చివరిదాకా మార్చకపోవడం మరొక లోపం. పక్క జట్టులో ముగ్గురు గట్టిగా మాట్లాడేవారి మధ్య పడిన ఒక అబ్బాయి, సెమిస్టరు మొత్తంలో ఒక్కసారి కూడా చదవలేదు. చివరి వారం మెట్ల దగ్గర నాకు తన కాగితం ఇచ్చి, మరెవరికీ చూపవద్దన్నాడు. అది మేమందరం వినవలసిన రచన.

ఆ మార్కులు తీసివేయాలని, జట్లను నెలకొకసారి మార్చాలని మేము శాఖకు రాసి ఇచ్చాం. ఇప్పుడున్న తీరులోనైనా తప్పక చేరమనే చెబుతాను. రాసిన పేజీలు రెండైనా చేతిలో ఉంచుకుని మొదటి వారమే చదవండి, ఎందుకంటే 50 నిమిషాల పీరియడులో ఇద్దరికి మించి వంతు రాదు.