ట్విన్ ఇంజన్ రేటింగ్ (రెండింజన్ల విమానం నడిపే అర్హత) గడువు దాటిందా? మళ్లీ సాధనకు సిమ్యులేటరా, విమానమా?

నెల్లూరు, ఒంగోలు పైలట్లు దీనికోసం ఎటూ ఊరు దాటాల్సిందే. డబ్బు ఎందులో పెట్టాలో ముందే తేల్చుకోవాలి.

ఇంజన్ ఆగినప్పటి డ్రిల్ చేతికి పట్టాలంటే సిమ్యులేటరే నయం. 200 అడుగుల ఎత్తులో ఇంజన్ ఆగే పరిస్థితిని నిజం విమానంలో చేయించకూడదు. సిమ్యులేటర్‌లో పదిసార్లైనా చేయొచ్చు. ముందు దిశ నిలపాలి. ఫుల్ పవర్ ఇచ్చి గేర్, ఫ్లాప్స్ ఎత్తాలి. కాలికి బరువు తగలని రడ్డర్ (తోక చుక్కాని) పెడల్ వైపు ఇంజనే ఆగినట్టు. దాని థ్రాటిల్ వెనక్కి లాగి చూశాకే ఫెదర్ (ప్రొపెల్లర్ రెక్కల్ని గాలికి అడ్డు తగలకుండా తిప్పిపెట్టడం). ఈ మెట్టు దాటేసి మంచి ఇంజన్‌నే ఫెదర్ చేసేవాళ్లున్నారు. సెనెకా అనే రెండింజన్ల చిన్న విమానంలో ఆలస్యమూ పనికిరాదు: సుమారు 800 ఆర్‌పీఎం కిందికి పడితే ప్రొపెల్లర్ ఫెదర్ కాదు. ఆ సిమ్యులేటర్‌కు డీజీసీఏ (విమానయాన నియంత్రణ సంస్థ) ఆమోదం ఉందో లేదో ముందే అడగండి.

రడ్డర్ బరువు మాత్రం విమానంలోనే తెలుస్తుంది. టర్బో లేని ఇంజన్లతో ఎత్తు పెరిగేకొద్దీ వీఎంసీ (ఒక ఇంజన్‌తో దిశ నిలపగలిగే కనీస వేగం) తగ్గుతుంది, స్టాల్ వేగం (రెక్కలు లిఫ్ట్ కోల్పోయే వేగం) తగ్గదు. అంచేత స్టాలే ముందొచ్చి గింగిరాలు తిరిగే స్పిన్‌లోకి లాగొచ్చు. స్టాల్ హెచ్చరిక హారన్ మోగగానే పవర్ తగ్గించి ముక్కు దించాలి.

రోహిణి కార్తెలో 44 డిగ్రీలంటే, సముద్ర మట్టంలోనే డెన్సిటీ ఆల్టిట్యూడ్ (గాలి పలచదనాన్ని బట్టి లెక్కించే ఎత్తు) దాదాపు 3,500 అడుగులు. ఒక ఇంజన్‌తో ఎక్కడం నామమాత్రమే. తెల్లవారుజాము స్లాటే అడగండి.