మసాయి మారా సఫారీనా, రువాండా గొరిల్లాలా?

రెండిట్లో ఒక్కదానికే డబ్బులుంటే నా ఓటు రువాండాకే.

కెన్యాలోని మసాయి మారాలో జీపు ఎక్కి కూర్చుంటే చాలు, సింహాలు, ఏనుగులు, జిరాఫీలు కనిపిస్తూనే ఉంటాయి. జూలై నుంచి అక్టోబర్ మధ్య అయితే విల్డెబీస్ట్ (ఎద్దులా కనిపించే పెద్ద జింకలు) మందలు మొసళ్లున్న మారా నదిని దాటడం కూడా చూడొచ్చు, కాకపోతే అవి ఎప్పుడు దూకుతాయో గైడ్‌కీ తెలీదు, గంటలకొద్దీ ఎదురుచూడాల్సిందే. చిన్నపిల్లలతో వెళ్లేవాళ్లకి మాత్రం ఇదే నయం.

రువాండా వోల్కనోస్ నేషనల్ పార్క్‌లో గొరిల్లాలని చూడ్డానికి పర్మిట్టే 1,500 డాలర్లు. 15 ఏళ్లు నిండాలి, బురదలో కొండెక్కాలి, గుంపుకి 8 మందే, గొరిల్లాల దగ్గర గంటసేపే. మన జలుబు అంటుకుంటే వాటి ప్రాణాల మీదికి వస్తుంది కాబట్టి మాస్కు పెట్టుకుని దూరంగా నిలబడాలి, ఒంట్లో బాగోకపోతే అసలు వెళ్లకూడదు. ఇంత కష్టపడి వెళ్లాక, వెండిరంగు వీపున్న ఆ పెద్ద మగ గొరిల్లా తలెత్తి మన వైపు చూస్తే ఇంక రేటు గురించి ఆలోచనే రాదు.

కెన్యాలో మసాయి తెగవాళ్ల ఊళ్లలో ఎగురుతూ చేసే నాట్యం బాగుంటుంది, కానీ చాలాచోట్ల అది టూరిస్టుల కోసమే. రువాండాలో నెలాఖరు శనివారం పొద్దున 'ఉముగాండా' అని జనం కలిసి రోడ్లు, కాలువలు బాగుచేస్తారు. అది ఎవరికోసమో వేసే ప్రదర్శన కాదు, నాకు నచ్చిందీ అదే. ఆ పూట షాపులు చాలావరకు మూసుంటాయి, ప్రయాణం పెట్టుకోకండి. ప్లాస్టిక్ సంచులు రెండు దేశాల్లోనూ నిషేధం, సూట్‌కేసులో ఉంటే ముందే తీసేయండి.