చీమకుర్తి కాటా గదిలో ప్రపంచ చదరంగం: లీచెస్ గురించి నా మాట

చీమకుర్తి క్వారీల దగ్గర లారీలు తూచే కాటా గదిలో నా ఉద్యోగం. గెలాక్సీ గ్రానైట్ బ్లాకులతో ట్రైలర్లు వరస కడితే తల ఎత్తే తీరిక ఉండదు. లేనప్పుడు గంటసేపు గదిలో నేనూ ఫ్యానూ తప్ప ఎవరూ ఉండరు. సిగ్నల్ అంతంతమాత్రం, వీడియో పెడితే బొమ్మ ఆగి ఆగి వస్తుంది. ఇలాంటి చోట కూర్చుని ప్రపంచ చదరంగ పోటీని ఒక్క ఎత్తు కూడా వదలకుండా అనుసరించాలంటే చదరంగం యాప్ లీచెస్‌ను మించినది నాకు కనబడలేదు. మన గుకేశ్, అప్పటి ప్రపంచ విజేత డింగ్ లిరెన్ల పోరు మొత్తం దాంట్లోనే చూశాను కాబట్టి ఈ మాట ధైర్యంగా చెప్పగలను.

తెలియనివారి కోసం రెండు ముక్కలు. లీచెస్‌ను 2010లో తిబో డ్యుప్లెసీ అనే ఫ్రెంచి ప్రోగ్రామర్ మొదలుపెట్టాడు. నడిచేది విరాళాల మీద. రుసుము లేదు, ప్రకటనలు లేవు, ఖాతా తెరవకపోయినా ఆట చూడవచ్చు. పెద్ద పోటీలు జరిగేటప్పుడు అక్కడ ఆటగాడు పావు కదిపిన కాసేపటికే ఇక్కడ మన ఫోనులో కదులుతుంది. పక్కన ఇద్దరి గడియారాలు నడుస్తుంటాయి. వచ్చేది ఎత్తుల సమాచారమే కాబట్టి డేటా ఖర్చు అతి తక్కువ. సిగ్నల్ పోయి వచ్చినా బెంగ లేదు, మధ్యలో పడిన ఎత్తులన్నీ వరసగా చేరి ఉంటాయి. లారీని తూచి, బిల్లు చించి ఇచ్చి, వచ్చి కూర్చుని వెనక్కి జరుపుకుంటూ చూసేవాడిని.

ఆ పోటీ సింగపూర్‌లో 2024 నవంబరు 25న మొదలైంది. మొత్తం 14 ఆటలు. మనకు మధ్యాహ్నం రెండున్నరకు ఆట మొదలయ్యేది. మొదటి ఆటలోనే డింగ్ నల్లపావులతో గెలిచాడు. మూడో ఆటలో గుకేశ్ గెలిచి లెక్క సమం చేశాడు. గడియారాలు కనబడటం ఎంత విలువైనదో ఆ మూడో ఆటలో తెలిసింది. తొలి 40 ఎత్తులకు ఒక్కొక్కరికి రెండు గంటలు, ఆలోపు అదనంగా ఒక్క సెకను కూడా కలవదు. డింగ్ సమయం కరుగుతూ, ఇంకా చేయాల్సిన ఎత్తులు అలాగే మిగిలి ఉండటం నా కళ్ల ముందు జరిగింది. చివరికి 37వ ఎత్తు దగ్గర అతని గడియారం సున్నాకు చేరింది, అంటే ఆట ఓడినట్టే. మర్నాడు పేపర్లో 'గుకేశ్ విజయం' అని చదివినవాళ్లకు ఆ ఉక్కిరిబిక్కిరి అందదు.

తరువాత వరసగా ఏడు డ్రాలు. విసుగు పుట్టించాయని చాలామంది అన్నారు. నేను ఒప్పుకోను. ఇక్కడే లీచెస్‌లో నాకు అన్నిటికంటే నచ్చిన సదుపాయం గురించి చెప్పాలి. కంప్యూటర్ విశ్లేషణను పూర్తిగా ఆపేసుకోవచ్చు. అది వేసి ఉంటే స్టాక్‌ఫిష్ అనే ఇంజిన్ ఎవరిది పైచేయో అంకెల్లో చెబుతుంది. సున్నా కనబడితే ఆట సమానమని అర్థం. నేను రోజంతా అంకెల మధ్య పనిచేసేవాణ్ని. కాటా మీద బరువు చూసి లారీలో ఎన్ని టన్నులు ఉన్నాయో చెప్పగలను కానీ, ఆ లారీ ఘాట్ రోడ్డు ఎక్కడానికి ఎంత ఆయాసపడుతుందో చెప్పలేను. ఇంజిన్ సున్నా కూడా అంతే. సమానమైన ఆటలో ఒకరికి దారి తేలిక, ఇంకొకరికి ప్రతి ఎత్తూ కత్తిమీద సాము. అది తెలియాలంటే అంకె చూడకుండా మనమే తల బద్దలుకొట్టుకోవాలి. అంకె చూసి ఊరుకునేవాళ్లకు ఆ ఏడు డ్రాలలో ఏమీ జరగలేదు. ఇంజిన్ ఆపేసి చూసిన నాకు ఆ ఏడింటిలో రోజుకొక యుద్ధం.

11వ ఆట గుకేశ్‌ది, మర్నాడే 12వది డింగ్‌ది. చెరి ఆరు పాయింట్లు. 13వది డ్రా. డిసెంబరు 12న చివరి ఆట, తెల్లపావులు డింగ్‌వి. డ్రా అయితే మర్నాడు రాపిడ్ ఆటలు, అంటే తక్కువ సమయంలో ఆడి విజేతను తేల్చేవి. రాపిడ్‌లో డింగే మేలని చాలామంది అంచనా. డింగ్ పావులు మార్చుకుంటూ పోయి, చివరికి ఇద్దరికీ ఒక్కో ఏనుగు, ఒక్కో శకటు, గుకేశ్‌కు మాత్రం ఒక బంటు ఎక్కువ అన్న స్థితి వచ్చింది. ఇంజిన్ లెక్కలో అది డ్రా. గుకేశ్ మాత్రం ఆడుతూనే ఉన్నాడు. 55వ ఎత్తులో డింగ్ తన ఏనుగును ఎఫ్2 గడికి తెచ్చాడు. నేను బోర్డును ఒకటికి రెండుసార్లు చూశాను. ఏనుగులు మారాయి. గుకేశ్ శకటు డి5కి వచ్చింది. మూలన ఇరుక్కున్న డింగ్ శకటుకు తప్పించుకునే దారి లేదు, అదీ మారక తప్పదు, ఆ పైన మిగిలేది రాజులూ బంట్లే, ఎక్కువున్న ఆ ఒక్క బంటుతో గుకేశ్‌దే గెలుపు. ఈ వరస ఇంజిన్ ఏ బాణం గుర్తూ చూపించకుండా నాకు నేనుగా కనిపెట్టిన ఆ క్షణం కోసం ఈ యాప్‌కు ఎంత చందా ఇచ్చినా తక్కువే. 58వ ఎత్తుతో ఆట ముగిసింది. పద్దెనిమిదేళ్లకే ప్రపంచ విజేత! అంతకుముందు పిన్న వయసు రికార్డు కాస్పరోవ్‌ది, 1985లో గెలిచినప్పుడు ఆయనకు 22 ఏళ్లు.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. ఇది మాట్లాడదు. ఆటగాళ్ల ముఖాలు, విలేకరుల సమావేశాలు కావాలంటే యూట్యూబ్‌కు వెళ్లాల్సిందే. ఎత్తులన్నీ ఇంగ్లిష్ అక్షరాలతో ఉంటాయి, రాజు, మంత్రి, శకటు అంటూ నేర్చుకున్న పెద్దవాళ్లకు మొదట్లో గందరగోళం. ఇంజిన్ వేస్తే అది మన ఫోనులోనే లెక్క కడుతుంది, ఫోను వేడెక్కుతుంది, ఛార్జింగ్ గబగబా తగ్గుతుంది. రాపిడ్ ఆటలకు ఇది ఒక్కటే చాలదు. 2025 జులైలో జార్జియా దేశంలోని బటూమిలో మహిళల ప్రపంచకప్ ఫైనల్, మన హంపి, నాగపూర్ అమ్మాయి దివ్య దేశ్‌ముఖ్. ఎక్కువ సమయం ఇచ్చే రెండు క్లాసికల్ ఆటలూ ఇంతే హాయిగా చూశాను. సమంగా నిలిచాక విజేతను తేల్చే రాపిడ్ టైబ్రేక్‌లో మాత్రం ఒక ఎత్తు అర్థమయ్యేలోగా ఇంకో మూడు పడిపోయేవి. హంపి ఓడిన ఆ రెండో రాపిడ్ ఆట ఎక్కడ చేజారిందో రాత్రి తీరిగ్గా మళ్లీ ఆడించుకుంటే తప్ప తెలియలేదు. అలాంటి రోజున వివరించి చెప్పే గొంతు కావాలి, అది తెలుగు గొంతయితే ఇంకా బాగుంటుంది.

ఇంకో మంచి సంగతి, ఏ ఆటనైనా 'స్టడీ'లో దాచుకుని ప్రతి ఎత్తు కింద మన మాటలు తెలుగులో రాసుకోవచ్చు. ఒంగోలులో ఇంటర్ చదివే నా మేనకోడలికి 14వ ఆటను అలా రాసి లింకు పంపాను. "మామయ్యా, 54వ ఎత్తు దగ్గర ఆపి నన్ను అడుగు, ముందే చెప్పెయ్యకు" అంది. అప్పటి నుంచి అక్కడ వ్యాఖ్య తీసేసి ప్రశ్న ఒక్కటే ఉంచాను.

అయిదుకు నాలుగున్నర ఇస్తాను. కొత్తగా చేరేవాళ్లు ముందు ఇంజిన్ మీట ఆపేసి, ఆ 14వ ఆట తెరిచి, గుకేశ్ 54వ ఎత్తు దగ్గర ఆగండి. తెల్లపావులు మీవి. ఏనుగును ఎఫ్2కి మాత్రం తేకండి, డ్రా నిలుపుకునే ఎత్తు ఏదో మీరే వెతకండి.