చాటన్‌లో జేన్ ఆస్టెన్ ఇల్లు: ఒక రోజు యాత్ర

ఇంగ్లిష్ నవలా రచయిత్రి జేన్ ఆస్టెన్ అభిమానులు చాలామంది ముందు ఇంగ్లండ్‌లోని బాత్ నగరానికి వెళతారు. అక్కడున్న ప్రదర్శనశాల ఆవిడ కాపురమున్న ఇల్లు కాదు. పుట్టిన ఊరు స్టీవెంటన్‌లో చర్చి మిగిలింది గానీ ఇల్లు లేదు, ఎప్పుడో కూల్చేశారు. ఆవిడ రాసుకున్న చోటు చూడాలంటే హాంప్‌షైర్‌లోని చాటన్ వెళ్లాల్సిందే. తల్లి, అక్క కసాండ్రా, స్నేహితురాలు మార్తా లాయిడ్‌లతో 1809 నుంచి 1817 దాకా ఉన్నది ఇక్కడే. ఆరు నవలలూ అచ్చుకు సిద్ధమైంది ఈ ఎర్ర ఇటుకల ఇంట్లోనే.

లండన్ వాటర్‌లూ నుంచి ఆల్టన్‌కు నేరుగా రైలుంది, గంటా పావు ప్రయాణం. ఆల్టనే ఆఖరి స్టేషన్. అక్కడినుంచి నడిస్తే అరగంట పైనే పడుతుంది. 64వ నంబరు బస్సెక్కితే చాటన్ రౌండెబౌట్ దగ్గర దిగి కొద్దిగా నడిస్తే చాలు.

టికెట్ కొనేటప్పుడు ఒక్కటి గమనించాలి. 'జేన్ ఆస్టెన్స్ హౌస్' వేరు, 'చాటన్ హౌస్' వేరు. రెండోది ఆవిడ అన్న ఎడ్వర్డ్ బంగళా. రెండూ ఒకే ఊళ్లో ఉన్నా టికెట్లు వేరు. పేర్లు దగ్గరగా ఉండటంతో ఒకదానికి బదులు ఇంకోటి కొనేస్తారు. సమయం చాలకపోతే బంగళా వదిలేయండి, ఇల్లు మాత్రం వదలకండి. చలికాలంలో తెరిచే రోజులు తగ్గుతాయి, బయల్దేరేముందే చూసుకోండి.

లోపల తీరిగ్గా రెండు గంటలు కావాలి. భోజనాల గదిలో కిటికీ పక్కన పన్నెండు అంచుల చిన్న వాల్‌నట్ చెక్క బల్ల ఉంటుంది. ఒక పళ్లెం, సిరాబుడ్డి పెడితే నిండిపోయేంత బల్ల! దాని ముందు కాసేపు ఆగండి. తలుపు కిర్రుమంటే బాగు చేయనిచ్చేది కాదట, ఎవరైనా వస్తే ఆ చప్పుడు విని కాగితాలు దాచేయొచ్చని. ఇది ఆవిడ పెద్దన్న కొడుకు రాసిన జీవితచరిత్రలోని మాట. పై అంతస్తులో అక్కాచెల్లెళ్ల పడకగది, తల్లితో కలిసి ముగ్గురూ కుట్టిన గుడ్డముక్కల దుప్పటి ఉన్నాయి. పైకి మెట్లే దారి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు కష్టం.

తిరుగు ప్రయాణానికి మళ్లీ ఆల్టన్ వెళ్లకండి. అదే 64 బస్సు వించెస్టర్ పోతుంది. 1817 జులై 18న ఆవిడ కన్నుమూసింది ఆ ఊళ్లోనే, సమాధి అక్కడి పెద్ద చర్చి కెథెడ్రల్‌లో ఉంది. సమాధి రాతి మీద నవలల ఊసే లేదు. వించెస్టర్ నుంచి వాటర్‌లూకు రైలు సుమారు గంట. అందుకే ఆల్టన్‌కు రానుపోను టికెట్ కొనొద్దు, రెండు విడి టికెట్లే తీసుకోండి. రాత్రి ఆగేటట్లయితే బస వించెస్టర్‌లోనే మేలు.