వాన నీటికి పీహెచ్ కిట్టు కొనబోతున్నారా? డబ్బు కట్టే ముందు ఇది చదవండి

నిల్వ చేసిన వాన నీటి పీహెచ్ (నీరు ఎంత ఆమ్లమో, ఎంత క్షారమో చెప్పే అంకె; 7 కంటే తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం) చూసి, సరిచేసి మొక్కలకు పోయడానికని ఆన్‌లైన్‌లో ఒక కిట్టు కొన్నాను. అందులో పెన్ను ఆకారంలో ఉండే మీటరు, రంగు చుక్కల సీసా, పీహెచ్ పెంచే ద్రావణం, తగ్గించే ద్రావణం ఉన్నాయి. డబ్బు పోవడం ఒక ఎత్తయితే, బాగా పెరిగిన నూరువరహాల మొక్కలు పాడవడం మరో ఎత్తు. ఇలాంటి కిట్లే వేరువేరు పేర్లతో ఇంకా అమ్ముడవుతున్నాయి. అందుకే వివరంగా రాస్తున్నాను.

ముందు మీటరు సంగతి. కొసన ఉండే గాజు బుడగ ఎప్పుడూ తడిగా ఉండాలి, అదీ పొటాషియం క్లోరైడ్ ద్రావణంలో. నాకు వచ్చినదాని మూతలో ఎండిపోయిన స్పాంజి ముక్క తప్ప చుక్క తడి లేదు. పైగా, వాడాక డిస్టిల్డ్ నీటిలో ఉంచమని కరపత్రంలో అచ్చు వేశారు. అలా ఉంచితే ఎలక్ట్రోడ్ (ఆ బుడగ ఉండే, పీహెచ్ కొలిచే భాగం) లోపలి లవణాలు క్రమంగా బయటికి పోయి అది త్వరగా పాడవుతుంది. పీహెచ్ మీటర్లు అమ్మేవారికి కనీసం ఇది తెలిసి ఉండాలి.

వాన నీటిలో ముంచితే మొదట 4.6 చూపించింది. కాసేపటికి 5.3, ఇంకాసేపటికి 6.1. అదే గ్లాసు, అవే నీళ్లు. గరిటెతో కలిపితే మళ్లీ మారింది. పీహెచ్‌లో ఒక అంకె తేడా అంటే ఆమ్లత్వంలో పది రెట్ల తేడా. అంటే ఈ మీటరు అసలు ఏమీ చెప్పడం లేదన్నమాట. కరపత్రం మాత్రం, 6.5 వచ్చేవరకు బకెట్టుకు ఒక్కో మూత చొప్పున పెంచే ద్రావణం పోయమంటుంది. అలాగే పోస్తే అంకె ఒక్కసారిగా 9 దాటింది. తగ్గించే ద్రావణం వేస్తే మళ్లీ బాగా కిందికి పడిపోయింది. కొన్ని వారాలు ఈ నీళ్లు పోశాక నూరువరహాల కొత్త ఆకులు పసుపు రంగుకు తిరిగాయి, ఈనెలు మాత్రం పచ్చగానే ఉన్నాయి. ఇది ఇనుము అందని లక్షణం. వేళ్ల దగ్గర క్షారత్వం పెరిగితే ఇనుము కరగని రూపంలోకి మారిపోతుంది. మట్టిలో ఎంత ఉన్నా మొక్క తీసుకోలేదు.

అప్పుడు విడిగా బఫర్ పొడులు (నీటిలో కలిపితే పీహెచ్ ఎంతో ముందే కచ్చితంగా తెలిసిన ద్రావణం ఇచ్చేవి) తెప్పించి పరీక్షించాను. 6.86 బఫర్‌తో మీటరును సరిచేసి (దీన్నే క్యాలిబ్రేట్ చేయడం అంటారు), 4.01 బఫర్‌లో ముంచితే 4.7 చూపించింది. పనిచేసే మీటరు ఇక్కడ ఇంత తేడా చూపదు. ఆ ఫోటోలు పంపితే అమ్మినవారు మొదట 'మీ వాన నీటిలోనే లోపం ఉంది' అన్నారు, తరువాత 'మళ్లీ క్యాలిబ్రేట్ చేయండి' అన్నారు, చివరకు వాపసు గడువు అయిపోయిందన్నారు. లోపం నీటిలో ఉందని చెప్పిన మాట నాకు అన్నిటికన్నా ఎక్కువ కోపం తెప్పించింది. ఆ మాట నమ్మి మరో సీసా కొనేవారు ఎందరో ఉంటారు.

నిజానికి వాన నీరు కొంచెం ఆమ్లంగా ఉండటం సహజం. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కరగడం వల్ల కాలుష్యం లేని చోట కూడా దాని పీహెచ్ దాదాపు 5.6 ఉంటుంది. ఇందులో లవణాలు దాదాపు ఉండవు. అందుకే రెండు చిక్కులు. లవణాలు లేని నీటిలో ఎలక్ట్రోడ్ అంకె స్థిరపడటానికి చాలాసేపు పడుతుంది, నాసిరకం మీటరైతే అసలు స్థిరపడదు. ఆమ్లాన్నీ క్షారాన్నీ తట్టుకునే బఫర్ శక్తి కూడా ఆ నీటికి లేదు కాబట్టి కొద్ది చుక్కలకే పీహెచ్ అటో ఇటో దూకేస్తుంది. బోరు నీటికి సరిపోయే మోతాదును వాన నీటికి రాయడం పెద్ద తప్పు. నేను చూసిన కిట్లలో ఒక్కదాని పెట్టెమీద కూడా ఈ హెచ్చరిక లేదు.

రంగు చుక్కలూ ఇక్కడ అక్కరకు రావు. వీటిలో ఎక్కువగా వాడే బ్రోమోథైమాల్ బ్లూ 6.0 నుంచి 7.6 వరకే రంగు మారుతుంది. 6 కంటే తక్కువ ఎంత ఉన్నా అదే పసుపు. 5.6 ఉన్న నీటినీ 4.5 ఉన్న నీటినీ అది ఒకేలా చూపిస్తుంది. మట్టిలో గుచ్చే, బ్యాటరీ లేని రెండు పుల్లల మీటర్లను నీటిలో ముంచి చూడమని సలహా ఇచ్చేవారూ ఉన్నారు. దయచేసి వాటి జోలికి వెళ్లకండి. అందులో కదిలే ముల్లుకు నీటి పీహెచ్‌తో సంబంధం లేదు.

కుండీలో మట్టి, కంపోస్టు ఉంటే శుభ్రమైన వాన నీటిని సరిచేయాల్సిన పని సాధారణంగా ఉండదు. మట్టికి ఉన్న బఫర్ శక్తి ముందు ఆ నీటి ఆమ్లత్వం చాలా స్వల్పం. మట్టి లేకుండా పెంచేవారికి మాత్రం కొలత తప్పదు. వారైనా ఎరువు కలిపిన తరువాతే కొలవాలి, ఎందుకంటే ఎరువు పడగానే పీహెచ్ మారిపోతుంది. కొత్త సిమెంటు తొట్టిలో నిల్వ చేసేవారు మరోలా జాగ్రత్త పడాలి. సిమెంటులోని సున్నం కరిగి నీరు బాగా క్షారంగా మారుతుంది. అక్కడ పెంచే ద్రావణం పోస్తే పరిస్థితి ఇంకా దిగజారుతుంది.

ఉత్త వాన నీటినే కొలవాల్సి వస్తే, చిన్న కప్పులోకి కొంచెం తీసి, చిటికెడు శుద్ధమైన పొటాషియం క్లోరైడ్ కలపండి. అది తటస్థ లవణం కాబట్టి పీహెచ్‌ను పెద్దగా మార్చదు, అంకె మాత్రం త్వరగా నిలబడుతుంది. కొలిచాక ఆ నీటిని పారబోయండి.

మీటరు కొనేటప్పుడు రెండు బఫర్లతో క్యాలిబ్రేట్ అవుతుందా, ఎలక్ట్రోడ్ విడిగా దొరుకుతుందా అని రాతపూర్వకంగా అడగండి. పార్సిల్ వచ్చిన రోజునే మూత తీస్తూ వీడియో తీసుకోండి. బుడగ పొడిగా ఉంటే అప్పుడే వాపసు అడగండి. తడిగా ఉంటే 6.86తో సరిచేసి 4.01లో చూడండి. 0.2 కంటే ఎక్కువ తేడా వస్తే గడువు ముగియక ముందే తిప్పి పంపేయండి. ఆ పరీక్ష పూర్తయ్యేదాకా పెంచే సీసా, తగ్గించే సీసా మూతలు తీయకండి. తీస్తే వాటిని వాపసు తీసుకోకపోవచ్చు.