బాధ తెలిస్తేనా, ప్రాణముంటే చాలా?

మొక్కల పట్ల మనకు నైతిక బాధ్యత ఉందా అనే చర్చలో రెండు దారులున్నాయి. ఒకటి, బాధ తెలిసిన జీవినే లెక్కలోకి తీసుకోవాలి. రెండోది, ప్రాణం ఉంటే చాలు.

మొదటి దారిలో మొక్క నెగ్గడం కష్టం. తెలివికేం కొదవ లేదు. పురుగుల్ని పట్టి తినే వీనస్ ఫ్లైట్రాప్ అనే మొక్క ఆకు లోపలి వెంట్రుకను పురుగు ఒక్కసారి తాకితే ఏమీ కాదు. దాదాపు 20 సెకన్లలోపు ఇంకోసారి తగిలిందా, టక్కున మూసుకుంటుంది. అంటే మొదటి స్పర్శ దానికి కాసేపు గుర్తుంటోందన్నమాట! గొంగళిపురుగు ఒక ఆకును కొరికితే కాల్షియం సంకేతం మిగతా ఆకులకు నిమిషాల్లో పాకడాన్ని 2018లో వీడియో తీసి చూపించారు కూడా. అయితే స్పందన వేరు, బాధ వేరు. మెదడూ నరాలూ లేనిచోట బాధ ఉందనడానికి గట్టి ఆధారమేదీ లేదు.

రెండో దారిలో స్విట్జర్లాండ్ కొంత దూరం వెళ్లింది. అక్కడి రాజ్యాంగంలోనే జీవుల గౌరవం అనే మాట ఉంది. ఏ కారణమూ లేకుండా దారిపక్క పూల తలలు తుంచడం తప్పేనని 2008లో ప్రభుత్వ నైతిక సలహా సంఘం చెప్పింది. వినడానికి బాగానే ఉంది. కానీ ఏది సరైన కారణమో తేల్చాల్సింది మళ్లీ మనమే కదా.

నా ఓటు మొదటిదానికే. ఇక "మొక్కలకీ ప్రాణముంది" అంటూ మాంసాహారాన్ని సమర్థించేవాళ్ల వాదన ఏ దారిలోనూ నిలబడదు. కిలో మాంసం వెనక అంతకు మించిన మేత ఉంటుంది, ఆ మేతా మొక్కలే.