హెచ్ఎల్ఏ జన్యువులా, ఇంటర్‌ఫెరాన్ జన్యువులా: వైరస్ ముందు ఏవి గట్టివి?

"ఒకే ఇంట్లో ఉన్నాం, ఒకే వైరస్ తగిలింది, నాకు రెండ్రోజుల జ్వరంతో పోయింది, మా తమ్ముడు వెంటిలేటర్ దాకా వెళ్లాడు, ఏ జన్యువు వల్ల?" కోవిడ్ వచ్చినప్పటి నుంచి ఈ ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తూనే ఉంది. వయసు, షుగర్, వ్యాక్సిన్, ఒంట్లోకి వెళ్లిన వైరస్ మోతాదు, వీటి ప్రభావం ఎలాగూ ఉంటుంది. జన్యువుల వరకే మాట్లాడుకుంటే అసలు పోటీ రెండు గుంపుల మధ్యే: వైరస్ ముక్కల్ని రక్షణ కణాలకు చూపించే హెచ్ఎల్ఏ, వైరస్‌ను మొదట్లోనే అడ్డుకునే ఇంటర్‌ఫెరాన్ అనే ప్రొటీన్‌కు సంబంధించిన జన్యువులు. నా మొగ్గు ఇంటర్‌ఫెరాన్ వైపు, కానీ ముందు హెచ్ఎల్ఏ సంగతి చూద్దాం, దాన్ని తక్కువ చేయడానికి లేదు.

6వ క్రోమోజోమ్ మీదుండే హెచ్ఎల్ఏ జన్యువుల్లో మనిషికీ మనిషికీ ఉన్నంత తేడా మిగతా జన్యువుల్లో కనిపించదు. కణం లోపలి ప్రొటీన్ ముక్కల్ని పైకి తెచ్చి టి కణాలకు (వైరస్ సోకిన కణాల్ని గుర్తుపట్టి చంపే తెల్ల రక్తకణాలకు) చూపించడం వీటి పని, ఏ ముక్కను చూపించగలవన్నది ఆ ముక్కను పట్టుకునే గాడి ఆకారాన్ని బట్టి ఉంటుంది. హెచ్ఐవీలో దీని సత్తా తెలుస్తుంది. మందులు లేకుండానే ఏళ్ల తరబడి వైరస్‌ను అదుపులో ఉంచుకున్నవాళ్లలో హెచ్ఎల్ఏలో బీ57, బీ27 అనే రకాలు ఎక్కువగా కనిపిస్తాయి. అలాంటివాళ్ల జన్యువులన్నీ గాలించి 2010లో ప్రచురించిన అధ్యయనం కూడా చివరికి ఈ గాడిలోని కొన్ని అమైనో ఆమ్లాల దగ్గరికే వచ్చి చేరింది. బీ27 చూపించే ముఖ్యమైన ముక్క వైరస్ లోపలి గుల్ల ప్రొటీన్‌లోది, తప్పించుకోవడానికి వైరస్ దాన్ని మార్చుకుంటే తనే బలహీనపడుతుంది. అదే బీ27 వెన్నెముకను బిగదీసే ఆంకిలోజింగ్ స్పాండిలైటిస్ ముప్పునూ పెంచుతుంది, కాబట్టి అది ఉన్నవాళ్లు అదృష్టవంతులని తేల్చేయలేం.

ఇక నా లెక్కలో తేల్చేది టైమ్. ఒంటికి ఎప్పుడూ పరిచయం లేని వైరస్ వస్తే, దానికి తగ్గ టి కణాలు సరిపడా పెరగడానికి దాదాపు వారం పడుతుంది, ఆలోపు మనల్ని కాచేది చాలావరకు ఇంటర్‌ఫెరానే: వైరస్ సోకిన కణం దాన్ని వదిలితే చుట్టుపక్కల కణాలు వైరస్ పెరక్కుండా ముందే సిద్ధమవుతాయి. ఈ దారిలో ఎక్కడ తెగినా మీ హెచ్ఎల్ఏ ఎంత గొప్పదైనా ఆలస్యమైపోతుంది. హెచ్ఎల్ఏ బీ15:01 ఉన్నవాళ్లలో కొందరికి కోవిడ్ లక్షణాలే రాలేదని 2023లో తేలింది కదా అంటారేమో. మామూలు జలుబు తెప్పించే కరోనా వైరస్‌లను ఎదుర్కొన్న పాత టి కణాలు ఈ కొత్త వైరస్ ముక్కనూ గుర్తుపట్టడం దానికి కారణంగా కనిపిస్తోంది. అంటే అక్కడ కూడా టైమ్ కలిసొచ్చింది.

నన్ను బాగా కదిలించిన ఉదాహరణ టీఎల్ఆర్3, వైరస్ జాడ పసిగట్టి ఇంటర్‌ఫెరాన్ విడుదలయ్యేలా చేసే జన్యువు. హెర్పిస్ సింప్లెక్స్ వైరస్ చాలామందిలో పెదవి మీద పొక్కుతో ఆగిపోతుంది, ఎక్కడో ఒక పిల్లాడిలో మాత్రం నరాల వెంట మెదడుకు ఎక్కి ప్రాణం మీదికి తెస్తుంది. అంతవరకు ఆరోగ్యంగా ఉన్న, మిగతా ఇన్‌ఫెక్షన్లను బాగానే తట్టుకున్న అలాంటి కొందరు పిల్లల్లో టీఎల్ఆర్3 లోపం ఉందని 2007లో కనుక్కున్నారు. "ఇమ్యూనిటీ తక్కువ" అని ఒక్క మాటలో కొట్టిపారేస్తే ఇలాంటివి ఎప్పటికీ అర్థం కావు.

కోవిడ్‌లో 2020 నాటి ఒక అధ్యయనం, ప్రాణాపాయంలో ఉన్న 659 మందిలో 3.5 శాతం మందికి ఈ దారిలో జన్యులోపాలున్నాయని చెప్పింది. తర్వాత ఇదే పరీక్షించిన కొన్ని పరిశోధక బృందాలకు అంత శాతం రాలేదు, కాబట్టి ఆ అంకెను నేను గట్టిగా పట్టుకోను. నన్ను ఒప్పించింది దాంతోపాటే వచ్చిన రెండో ఫలితం: తీవ్ర కోవిడ్ ఉన్న 987 మందిలో 101 మంది ఒంట్లో సొంత ఇంటర్‌ఫెరాన్‌నే పనిచేయనివ్వని యాంటీబాడీలు ఉన్నాయి, స్వల్పంగా వచ్చిపోయిన 663 మందిలో ఒక్కరికీ లేవు. ఇంటర్‌ఫెరాన్ జన్యువులో లోపం అక్కర్లేదు, ఇంటర్‌ఫెరాన్ అందకపోతే చాలు, మనిషి పడిపోతాడు. మందుగా ఇచ్చినప్పుడూ టైమే ముఖ్యం, ఆసుపత్రిలో చేరాక ఇచ్చిన ఇంటర్‌ఫెరాన్ బీటా ప్రపంచ ఆరోగ్య సంస్థ ట్రయల్‌లో ఉపయోగపడలేదు, లక్షణాలు మొదలైన వారంలోపే ఇచ్చిన లాంబ్డా రకం ఒక్క ఇంజెక్షన్ 2023లో ప్రచురించిన ట్రయల్‌లో ఆసుపత్రి అవసరాన్ని దాదాపు సగానికి తగ్గించింది.

మిగతావి క్లుప్తంగా. సీసీఆర్5 జన్యువులో 32 అక్షరాలు తెగిపోయిన కాపీలు రెండూ ఉంటే చాలా రకాల హెచ్ఐవీకి కణంలోకి వాకిలే ఉండదు, కానీ ఉత్తర యూరప్ మూలాలున్నవాళ్లలోనే అది సుమారు ఒక శాతం, పైగా వెస్ట్ నైల్ వైరస్ సోకితే వాళ్లకే ఇబ్బంది ఎక్కువ. ఎఫ్‌యూటీ2 అనే జన్యువు పనిచేయనివాళ్లకు వాంతులు, విరేచనాలు తెప్పించే నోరోవైరస్‌లో కొన్ని రకాలు అంటవు, అంతవరకే.

కాబట్టి హెచ్ఐవీలా ఏళ్ల తరబడి ఒంట్లో తిష్ఠ వేసే వైరస్ గురించి అడిగితే హెచ్ఎల్ఏ అంటాను, కొత్తగా వచ్చి రోజుల్లో తేల్చేసే వైరస్ గురించైతే ఇంటర్‌ఫెరాన్. టెస్టు చేయించుకోవాలా అని అడిగేవాళ్లకు: ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు రెండూ అక్కర్లేదు. పిల్లలకు హెర్పిస్ మెదడువాపు వచ్చినా, ఏ జబ్బూ లేని కుర్రాడు మామూలు ఫ్లూతో ఐసీయూ పాలైనా, ఇంటర్‌ఫెరాన్ దారి జన్యువుల్ని చూడాలా అని ఇమ్యునాలజిస్టును అడగండి, తోబుట్టువుల సంగతి కూడా అప్పుడే మాట్లాడండి.